పది మీటర్ల లోపల

మౌస్ బాణం దానంతటదే కదులుతోంది!

నీహారిక చెయ్యి మౌస్ మీద లేదు. టీ కప్పు చుట్టూ ఉంది.

బాణం తెర మీద ఎడమ నుంచి కుడికి పాకుతోంది... ఆగుతోంది... మళ్ళీ పాకుతోంది. టక్కున నోట్‌ప్యాడ్ తెరుచుకుంది. తెల్లటి ఖాళీ పేజీ. అందులో ఒక్కొక్క అక్షరమే పడుతోంది. ఇంగ్లీషు అక్షరాలు, తెలుగు మాటలు.

'ఉదయశ్రీ ఎక్కడ?'

కప్పు జారి టీ అంతా టేబుల్ మీద ఒలికింది. తుడవాలని కూడా తోచలేదు.

సాయంత్రం ఆరూ నలభై. కొండాపూర్‌లో ఏడో అంతస్తు ఫ్లాటు. బయట వాన దంచి కొడుతోంది. భర్త యశ్వంత్ ఆఫీసు నుంచి బయల్దేరి గంటైంది, ఇంకా బయోడైవర్సిటీ జంక్షన్ దాటలేదు. అత్తగారు పద్మావతి కింద క్లబ్‌హౌస్‌లో లలితా పారాయణకి వెళ్ళారు.

ఇంట్లో ఉన్నది నీహారిక. గది కిటికీ అవతల బాల్కనీలో నెట్ రిపేరుకి వచ్చిన రవీందర్. అంతే.

బాణం మళ్ళీ కదిలింది.

'నువ్వు చెప్పక్కర్లేదులే. ఫైళ్ళన్నీ చూస్తున్నా. దొరుకుతుంది.'

ఉదయశ్రీ ఎక్కడుందో ఈ ఊళ్ళో తెలిసింది ఒక్క మనిషికే. ఆ మనిషి తనే!

మూడు వారాల కిందట ఉదయశ్రీ విరిగిన చెయ్యి పట్టుకుని ఈ ఇంటి తలుపు కొట్టింది. విరగ్గొట్టింది మొగుడు ఆదర్శ్. "ఈసారి చెయ్యి. ఇంకోసారి పీక" అన్నాడట. అరిచి కాదు, నవ్వుతూ అన్నాడట. ఆ గంటలోనే నీహారిక స్నేహితురాలిని క్యాబ్ ఎక్కించి నిజాంపేటలో ఒక లేడీస్ హాస్టల్లో దింపింది. హాస్టల్ పేరు ఎవరికీ చెప్పలేదు. కట్టుకున్నవాడికి కూడా చెప్పలేదు. హాస్టల్ రసీదు, ఎక్స్‌రేలు, పోలీసు ఫిర్యాదు కాపీ అన్నీ ఈ కంప్యూటర్లో ఒక్క ఫోల్డర్లో పెట్టి తాళం వేసింది.

మామూలు తాళం కాదు. ఆఫీసులో నీహారిక ఉద్యోగమే అది మరి. హైటెక్ సిటీలో నాలుగు వేల మంది ఉద్యోగులకి సెక్యూరిటీ పాఠాలు చెబుతుంది. ఇంట్లో ఇరవై అక్షరాల పాస్‌వర్డ్. దాని మీద ఫోన్‌కి వచ్చే కోడ్. వైఫైకి చుట్టాలకొక పాస్‌వర్డ్, ఇంటివాళ్ళకొకటి. ఊరూపేరూ లేని పెన్‌డ్రైవ్ ఈ గడప తొక్కదు. యశ్వంత్ ఆట పట్టిస్తుంటాడు, నీకంటే బ్యాంకు లాకరు నయమే అని.

ప్రతి క్లాసులో మొదటి మాట ఒకటే చెబుతుంది. "వాడు ముందు మీ కంప్యూటర్లోకి రాడు. మీ గుండెల్లోకి వస్తాడు. భయపడి తలుపు మీరే తీస్తారు."

ఇప్పుడు ఆ మాట గుర్తుంటే ఒట్టు!

'ఆకుపచ్చ కుర్తా బాగుంది.'

నీహారిక కిందికి చూసుకుంది. ఆకుపచ్చ కుర్తా! ఆఫీసు నుంచి తడిసి వచ్చి పావుగంట కిందటే మార్చుకుంది. పాతది, ఇంట్లో వేసుకునేది. ఇది వేసుకుని ఏనాడూ గడప దాటలేదు.

చూస్తున్నాడు!

కెమెరాలోంచి చూస్తున్నాడు!

ఒక్క ఉదుటున టేబుల్ కిందికి దూరింది. సీపీయూ వెనక నుంచి నెట్ కేబుల్ పట్టుకుని లాగింది. ఊడివచ్చింది. నెట్ పోయింది. ఇక వాడికి దారి లేదు...

పైకి లేచి తెర చూసింది.

అక్షరాలు పడుతూనే ఉన్నాయి!

'వైరు పీకితే పోతాననుకున్నావా?'

"అమ్మో!"

అరుపు తనదేనని ఆమెకి ఆలస్యంగా తెలిసింది. నెట్ లేదు... కేబుల్ చేతిలోనే ఉంది... ఎలా? ఎలా రాస్తున్నాడు వీడు?

"ఏమైంది మేడమ్?"

గుమ్మంలో రవీందర్. కేబుల్ కంపెనీ టీషర్టు, భుజానికి నల్ల బ్యాగు. అయిదున్నరకి వచ్చాడు. నీహారిక ఇల్లు చేరేసరికే ఈ గదిలో కూర్చుని స్పీడు చూస్తున్నాడు, పక్కన అత్తగారిచ్చిన కాఫీ. ఐడీ కార్డు అడగాలి. నాలుగు వేల మందికి అదే చెబుతుంది, ముందు కార్డు, తర్వాతే గుమ్మం. కానీ పెద్దావిడ కాఫీ ఇచ్చేశాక, మనిషి కప్పు పెదవికి ఆనించాక, కార్డేదీ అని ఏం అడుగుతాం? బాగుండదు కదా. అడగలేదు.

"ఎవరో... నా సిస్టమ్‌లో ఎవరో ఉన్నారండీ! చూడండి, రాస్తున్నాడు!"

రవీందర్ లోపలికొచ్చాడు. తెర ముందు వంగి చదివాడు. అక్షరాలు ఆగిపోయాయి. బాణం కూడా కదలడం లేదు.

"అరె... ఇది పెద్ద కేసు మేడమ్. గిట్లాంటోళ్ళు వైర్లు పీకితే పోరు." తల గోక్కున్నాడు. "గీ ఉదయశ్రీ ఎవరో ఏమో, ముందుగాల ఆమెకు ఫోన్ చేసి చెప్పుండ్రి. జర జల్ది. నేను బాల్కనీల మెయిన్ వైరు చూసొస్త. మీరు పరేషాన్ కాకుండ్రి."

వెళ్ళిపోయాడు.

నిజమే. ముందు ఉదయకి చెప్పాలి!

ఫోన్ తీసింది. రెండుసార్లు తప్పు నొక్కింది. మూడోసారి రింగ్ వెళ్ళింది. ఒకటి... రెండు... ఏడు... ఎత్తడం లేదు. మళ్ళీ చేసింది. ఎత్తడం లేదు!

"ఎత్తవే... ఒసేయ్ ఎత్తవే తల్లీ..."

తెర మీద మళ్ళీ కదలిక.

'చెమటలు పడుతున్నాయా?'

నిజంగానే పడుతున్నాయి. చూస్తున్నాడు, అణువణువూ చూస్తున్నాడు. ఆ కన్ను మూసేస్తే చాలు! నీహారిక చెయ్యి చాచి మానిటర్ పైనున్న కెమెరాని అరచేత్తో గట్టిగా అదిమింది.

చేతికి ఏదో గరుకుగా తగిలింది.

చెయ్యి తీసి చూసుకుంది.

ఎరుపు!

నెత్తురా? అరచేతిని ముక్కు దగ్గర పెట్టుకుంది. గంధం వాసన... కుంకుమ!

దసరా! తొమ్మిది రోజుల కిందట ఆయుధపూజ. అత్తగారు గంధం గిన్నె, కుంకుమ భరిణె పట్టుకుని కారుకి, మిక్సీకి, కుట్టుమిషనుకి, వరసగా అన్నిటికీ బొట్లు పెట్టుకుంటూ వచ్చారు. కంప్యూటర్ దగ్గర ఆగి అడిగారు. "దీనికి నుదురు ఎక్కడుంటుందే అమ్మాయ్?" ఆవిడే వెతుక్కున్నారు. మానిటర్ పైన, సరిగ్గా నడిమధ్యన, గుండ్రటి గాజు కన్ను. దాని మీద అర అంగుళం మందాన గంధం మెత్తి, పైన కుంకుమ అద్దారు. "తుడవకు, పైయేటి దాకా ఉండాలి" అని హుకుం కూడా వేశారు.

అంటే తొమ్మిది రోజులుగా ఈ కెమెరా గుడ్డిది!

మరి ఆకుపచ్చ కుర్తా?

మరి చెమటలు?

భయం పోలేదు. కానీ భయం కింద నుంచి బుర్ర పనిచెయ్యడం మొదలుపెట్టింది. నెట్ లేకపోయినా రాస్తున్నాడు. కెమెరా లేకపోయినా చూస్తున్నాడు.

నెమ్మదిగా, చప్పుడు లేకుండా మళ్ళీ టేబుల్ కిందికి వంగింది. ఫోన్ వెలుగు సీపీయూ వెనక్కి వేసింది. దుమ్ము... ప్రింటర్ వైరు... స్పీకర్ వైరు... దాని పక్కన ఏమిటది?

గోరంత నల్లటి ముక్క. యూఎస్‌బీలో గుచ్చి ఉంది.

వైర్‌లెస్ మౌస్‌కి, కీబోర్డుకి పెట్టే రిసీవరు. బజార్లో దొరికే మామూలు సరుకు. వీళ్ళింట్లో వైర్‌లెస్ కీబోర్డు లేనే లేదు!

హ్యాకింగ్ కాదు, ఏమీ కాదు! ఎవడో దగ్గర్లో కూర్చుని చేతిలో కీబోర్డు పెట్టుకుని టైపు కొడుతున్నాడు. వాడు ఒక్క ఫైలు కూడా చూడలేదు. ఫోల్డర్ తాళం తాళంలానే ఉంది. నిజాంపేట సంగతి వాడికి తెలీదు. ఉదయ క్షేమం!

ఆ సంతోషం ఒక్క క్షణమే.

ఆ రిసీవరు ఎంత దూరం పనిచేస్తుందో ఆమె క్లాసులో చెబుతుంది. పది మీటర్లు.

ఫ్లాటు పొడుగు ఎంత? పన్నెండు మీటర్లు!

వెనక... చెక్క తలుపు కిర్రుమంది.

నీహారిక టేబుల్ కిందే బిగుసుకుపోయింది. తల తిప్పాలంటే భయం. తిప్పకపోతే ఇంకా భయం. కళ్ళ ముందు రెండు పాదాలు ఆగాయి. తడి సాక్సులు. చెప్పుల్లేవు, షూ గుమ్మం బయట విప్పి వచ్చాడు మరి. మర్యాదస్తుడు!

"దొరికిందా మేడమ్?"

లేచింది. రవీందర్ ఎడమ చేతిలో అరచెయ్యంత కీబోర్డు. కుడి చేతిలో కేబుల్ కోసే కత్తి.

అప్పుడే నీహారిక చేతిలో ఫోన్ మోగింది!

తెర మీద పేరు. 'ఉదయ.'

"ఎత్తుండ్రి." గొంతు మారలేదు, అదే మెత్తన. "స్పీకర్ల పెట్టుండ్రి. యాడున్నదో అడుగుండ్రి. ఇంకో ముచ్చట మాట్లాడితే..." కత్తి మొన మెడకి ఆనింది. చల్లగా ఉంది.

ఫోన్ మోగుతూనే ఉంది.

ఏం చెయ్యాలి? ఎత్తకపోతే తను చస్తుంది. ఎత్తితే ఉదయ చస్తుంది!

మాట... గుర్తు మాట!

హాస్టల్లో దింపిన రోజున ఇద్దరూ అనుకున్నారు. ఇంట్లోవాళ్ళ మధ్య ఒక గుర్తు మాట ఉండాలని నీహారిక అందరికీ చెప్పేదే. కాకినాడ కాలేజీ రోజుల నుంచి వాళ్ళిద్దరి మధ్య ఏమే, ఒసేయ్ తప్ప ఇంకో పిలుపు లేదు. "నేను నీతో అండీ అన్నానంటే నా మెడ మీద కత్తి ఉందని అర్థం. ఉన్నపళంగా ఆ చోటు వదిలి పారిపో" అంది నీహారిక. ఉదయశ్రీ ఏడుస్తున్నదల్లా పకపకా నవ్వింది. "నువ్వు నాకు మర్యాద ఇవ్వాలంటే కత్తి ఉండాల్సిందేలే!"

సరదాకి అన్న మాట. కత్తి నిజంగానే వచ్చింది.

నీహారిక ఫోన్ ఎత్తింది. స్పీకర్.

"ఒసేయ్! ఏంటే అన్ని మిస్డ్ కాల్స్? స్నానం చేస్తున్నానే!"

"ఏం లేదండీ..." గొంతు వణికింది. "ఎక్కడున్నారండీ మీరు?"

అటువైపు బకెట్ చప్పుడు ఆగిపోయింది. ఒక క్షణం... రెండు... మూడు...

"తెల్లాపూర్‌లో అండీ," అంది ఉదయశ్రీ. మాటలు అతికించినట్టు వస్తున్నాయి. "మా పిన్నిగారి విల్లాలో ఉన్నానండీ. రేపు మాట్లాడతానండీ."

కట్!

నీహారిక కళ్ళు మూసుకుంది. అర్థం చేసుకుంది! పారిపోతుంది! ఆదర్శ్ తెల్లాపూర్ అంతా తిరిగి విల్లాల గేట్లు లెక్కపెట్టుకుంటాడు. ఈ వానలో అక్కడికి పోవడానికే గంట పడుతుంది. రవీందర్‌కి అనుమానం రాలేదు. ఆంధ్రావాళ్ళు కుక్కపిల్లని కూడా అండీ అంటారని వాడి లెక్క అయ్యుంటుంది.

రవీందర్ ఆమె చేతిలోంచి ఫోన్ లాక్కున్నాడు. తన ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని ఒకే ఒక్క ముక్క చెప్పాడు.

"సార్. అయిపోయింది."

అంతే. తెల్లాపూర్ అని చెప్పలేదు. ఆ సంగతి నీహారిక పట్టించుకోలేదు. పట్టించుకునే స్థితిలో లేదు.

వాడు వంగి సీపీయూ వెనక నుంచి రిసీవరు పీకి జేబులో వేసుకున్నాడు. కుర్చీ లాగి ఎదురుగా కూర్చున్నాడు.

"పది నిమిషాలు మేడమ్. సప్పుడు చెయ్యకుండ కూసోండ్రి. ఇగ నేను పోత."

"పది నిమిషాలు దేనికి?"

వాడు కత్తి ఒడిలో పెట్టుకుని గోడ గడియారం చూస్తున్నాడు.

ఒక నిమిషం... మూడు నిమిషాలు... కింద రోడ్డు మీద హారన్లు. ఆరు నిమిషాలు... ఏడు...

గుమ్మం దగ్గర తాళం తిరిగిన చప్పుడు!

రవీందర్ చటుక్కున లేచి నీహారిక జుట్టు పట్టుకున్నాడు. కత్తి మళ్ళీ మెడ మీదికి వచ్చింది.

"ఏమ్మా నీహారికా, ఆ నెట్ అబ్బాయి వెళ్ళాడా? వానలో కుంకుమార్చన మధ్యలోనే..."

పద్మావతి గదిలోకి వచ్చేశారు. చేతిలో ఇత్తడి పళ్ళెం. పళ్ళెం నిండా అర్చన చేసిన కుంకుమ. కోడలి మెడ మీద కత్తి.

ఆవిడ అరవలేదు. ఆలోచించలేదు. పళ్ళెం ఎత్తి వాడి మొహాన విసిరి కొట్టారు!

గదంతా ఎర్రగా అయిపోయింది. "అమ్మా! నా కండ్లు!" రవీందర్ కత్తి వదిలేసి మొహం గీరుకుంటున్నాడు. నీహారిక కత్తిని కాలితో మంచం కిందికి తన్నేసింది. పద్మావతి ఖాళీ పళ్ళెంతోనే వాడి నెత్తి మీద మరో రెండు వేశారు. "కాఫీ ఇచ్చాను కదరా నీకు! పంచదార ఎక్కువ వేసి మరీ ఇచ్చాను కదరా!"

కేకలు విని సెక్యూరిటీ సంతోష్ పరుగున వచ్చాడు. "ఏంది గీ లొల్లి? అమ్మా, మీరు ఇటు జరగుండ్రి!" వెనకాలే పారాయణ ఆడవాళ్ళు, ఎదురింటి లక్ష్మీనారాయణ గారు. నలుగురు కలిసి రవీందర్‌ని నేల మీద పడేసి నెట్ కేబుల్‌తోనే చేతులు కట్టేశారు. ఎవరో వందకి ఫోన్ చేశారు.

నీహారిక గోడకి ఆనుకుని కూలబడింది. ఏడుస్తోంది, నవ్వుతోంది. బతికింది! ఉదయ బతికింది!

నేల మీద రవీందర్ కూడా నవ్వుతున్నాడు.

"దేనికిరా నవ్వు?" సంతోష్ వాడి వీపు మీద మోకాలు నొక్కాడు.

"తెల్లాపూర్ అంట!" కళ్ళు తెరవలేక, ఎర్రటి మొహంతో నవ్వుతున్నాడు. "అడ్రస్ మాకెందుకు మేడమ్? మీ క్యాబు నిజాంపేటల ఏ రోడ్డు మీద ఆగిందో సార్‌కు పోయిన వారమే ఎరుకైంది. కాని ఆ గల్లీలల్ల యాభై హాస్టళ్ళు. ఎన్నిట్ల దూరి ఎతుకుతడు? గల్లీలన్నీ వచ్చి తేలేది ఒక్క రోడ్డు మీదనే. సార్ సాయంత్రం సంది ఆడనే ఉన్నడు, కారేసుకొని."

నీహారిక నవ్వు ఆగిపోయింది.

"మాకు ఒక్కటే పని. ఆమె భయపడాలె. భయపడి బయటికి రావాలె." వాడు నేల మీద ఎర్రగా ఉమ్మాడు. "కత్తి కింద వణికే మీ గొంతు ఇంటె చాలు. ఆమెకు భయం చెప్పాల్సింది నేను కాదు మేడమ్. మీరు."

ఉన్నపళంగా ఆ చోటు వదిలి పారిపో.

ఉన్నచోటే ఉండు అనడానికి వాళ్ళ దగ్గర మాట లేదు! దానికీ ఒక మాట అనుకోవాలని ఆ రోజు తోచలేదు.

"ఫోన్... నా ఫోన్ ఏది? అత్తయ్యా, నా ఫోన్!"

కుర్చీ కింద మోగుతోంది. నీహారిక మోకాళ్ళ మీద పాకి అందుకుంది. 'ఉదయ.' కుంకుమ వేళ్ళతో నొక్కింది.

"ఒసేయ్! ఎక్కడున్నావే? లోపలికి వెళ్ళిపో! హాస్టల్లోకి వెళ్ళిపోవే!"

అటువైపు వాన చప్పుడు లేదు. అద్దం మీద వైపర్ల చప్పుడు ఉంది. అటూ... ఇటూ... అటూ...

"నీహారిక గారా?" ఉదయశ్రీ గొంతు చాలా నెమ్మదిగా ఉంది. "నేను క్షేమంగానే ఉన్నానండీ. మా ఆయన వచ్చారండీ. ఇంటికి వెళ్తున్నామండీ..."

టక్కున కారు తలుపులు లాక్ పడ్డాయి.